అరవై పౌన్లు ఎక్కువ

ఎమిల్ డీట్జ్ అరవై పౌన్ల బరువు దగ్గర పట్టుపట్టి పెళ్లాం ఆఖరి కోరిక తీర్చలేదని మా ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పేవాళ్లను బట్టి కథ కొంచెం మారుతుంది. కాటా మీద బరువు సరిపోయిందని తేలాక కూడా ట్రైలర్‌ను వెనక్కి తెచ్చి ఇచ్చేశాడట. డబ్బు తీయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆడలేదట. విల్మా కిటికీలోంచి కొండల వైపు చూస్తూ ప్రాణం వదిలిందట. మా ఊరినుంచి కొండలు కనిపించవు. పడమటికి చూస్తే బీట్ దుంపల పొలాలు, వాటి చివర నీళ్ల ట్యాంకు, ఆపైన ఆకాశం. అయినా ఆ మాటను ఎవరూ సరిదిద్దరు.

నేను రోలండ్ దగ్గర పనిచేస్తాను. హైవే పక్కన అతనికి ట్రైలర్లు, అంటే బండి వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్లు, అమ్మే స్థలం ఉంది. అమ్మకానికి వచ్చిన పాత ట్రైలర్లలో పరుపులు దులపడం, పొయ్యిల జిడ్డు గీకడం, చలికాలంలో దూరిన ఎలుకల గూళ్లు తీయడం నా పని. అమ్మకు నడుము పడిపోయిన ఏడాది బడి మానేసి ఇందులో చేరాను. మాట్లాడే పని రోలండ్‌ది. నేను లోపల తుడుస్తూ ఉంటే కొనడానికి వచ్చినవాళ్లు నన్ను మరిచిపోయి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. ఎమిల్, విల్మా కూడా అలాగే మాట్లాడుకున్నారు, ఒక వేసవి అంతా.

ఎమిల్ మట్టిరోడ్లు చదును చేసే యంత్రం నడిపి రిటైరయ్యాడు. పొడుగాటి మనిషి. గాలికి ఎర్రబడిన చెవులు అలాగే ఉండిపోయాయి. చలికాలం మంచు తోయడం, ఎండాకాలం గాడులు పూడ్చడం అతని పని. ఎవరి బండయినా రోడ్డు దిగి గోతిలో పడితే లాగడానికి కూడా అతన్నే పిలిచేవారు. ఆ గోతుల్లో అతను చూసినవాటిలో ట్రైలర్లు చాలా ఉన్నాయని అంటారు. వాటి గురించి ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఒకసారి మాత్రం రోలండ్ ఒక పెద్ద ట్రైలర్ చూపించి, "నీ పికప్ దీన్ని ఆడుతూ పాడుతూ లాగుతుందయ్యా" అంటే, "లాగుతుంది. ఆపేదెవరు?" అన్నాడు.

వాళ్లు మొదటిసారి వచ్చింది మే నెలలో. విల్మా జబ్బు తిరగబెట్టిందని అప్పటికే ఊరందరికీ తెలుసు. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న పడమట వయోమింగ్ కొండల్లో కలప కోసే ఒక మిల్లులో పనిచేశాడు. మిల్లు వెనక సరస్సు ఉండేదట, తెల్లవారుజామున దాని మీంచి పొగలా ఆవిరి లేచేదట. ఈసారి మంచు పడేలోగా ఒక్క రాత్రి ఆ గట్టున పడుకుని లేవాలని ఆమె కోరిక. అక్కడ హోటళ్లు లేవు. ఆమె ఎక్కువసేపు కూర్చోలేదు. పడక కావాలి, పడక పక్కనే మరుగుదొడ్డి కావాలి. అంటే ట్రైలర్ కావాలి. ఎమిల్ పికప్ ట్రక్కు పాతది, చిన్నది. వైద్యానికి పోగా ఇంకో పికప్ కొనే శక్తి లేదు. కాబట్టి ఈ పికప్ మోయగల ట్రైలరే దొరకాలి. అదీ అక్టోబరు మంచుకు ఆ దారి మూసుకుపోయేలోపు.

"ఏమయ్యా ఎమిల్," అని నవ్వాడు రోలండ్ మూడోసారి వచ్చినప్పుడు. "పెళ్లికి ముందు విల్మాను కూడా ఇంతసేపు చూశావా?"

"చూడ్డానికి తీరికెక్కడ పెట్టుకున్నాడు?" అంది విల్మా. "బీట్ కోతలొస్తున్నాయి, తొందరగా తేల్చు అన్నాడు. నేనూ తేల్చేశాను, బుద్ధి లేక."

"ఇప్పుడు మార్చుకుంటావా? మా దగ్గర పాత సరుకు తీసుకుంటాం."

"దీన్నెవరు తీసుకుంటారులే, చెవులు చూడు."

ఎమిల్ వాళ్ల మాటలు వినడంలేదు. పికప్ తలుపు తెరిచి, దాని అంచున అతికించిన స్టిక్కర్ ముందు వంగి చూస్తున్నాడు. అమ్మేవాళ్లందరూ ఈ పికప్ ఎన్ని వేల పౌన్లు లాగుతుందో చెబుతారు. ఆ స్టిక్కర్ మాత్రం వేరే సంగతి చెబుతుంది. బండి తన మీద మోసే బరువు ఇంత దాటకూడదని. మనుషులు, కుక్క, సామాను, ట్రైలర్ ముందుకొస కొక్కెం మీద మోపే బరువు, అన్నీ అందులోకే వస్తాయి. లాగే శక్తి ఎంతో మిగిలి ఉండగానే మోసే శక్తి అయిపోతుంది. మా దగ్గర కొన్నవాళ్లలో సగంమంది ఆ స్టిక్కర్ చదవకుండానే తోలుకుపోతారు. వెనక చక్రాలు కుంగి, ముందు చక్రాలు తేలి, దిగుడు రోడ్డులో ట్రైలర్ ఊగడం మొదలుపెడితే అప్పుడు చదవడానికి వీలుండదు.

వాళ్లకు నచ్చిన ట్రైలర్ ఒకటుంది. పాతదే, తెల్లది, ఒక పక్క వడగళ్ల సొట్టలు. దాని వెనక గోడ పొడవునా మంచం, మంచానికి ఆనుకుని కిటికీ. పడుకుని తల తిప్పితే చాలు, బయటంతా కనిపిస్తుంది. విల్మా ఆ మంచం మీద పడుకుని మా స్థలం కంచెను, కంచె అవతల పోయే లారీలను చూస్తూ ఉండేది. నేను పొయ్యి తుడుస్తూ ఉండేదాన్ని.

"టెస్సీ, ఇక్కడినుంచి నీళ్లు కనబడతాయి," అనేది. "ఇలా పడుకుంటే ఎదురుగ్గా నీళ్లు. ఆ కంచెను నువ్వు కొంచెం పక్కకు లాగాలంతే."

ఎమిల్ బయట లెక్క వేశాడు. అన్నీ కలిపితే అరవై పౌన్లు ఎక్కువ వచ్చింది.

"అరవయ్యే కదయ్యా," అన్నాడు రోలండ్. "ఒక బస్తా. దానికెవడు చూస్తాడు?"

"కొండ చూస్తుంది."

మరుసటి వారం ఎమిల్ పికప్‌లో వెనక సీటు ఊడదీసి వచ్చాడు. పనిముట్ల ఇనప పెట్టె తీసేశాడు. కుక్కను ఎత్తుకుని ఇంట్లో బాత్రూం తూనిక మీద నిలబడి దాని బరువు కూడా పట్టుకొచ్చాడు. "కుక్క సిగ్గుపడిపోయింది పాపం," అంది విల్మా. ఆ రోజు లెక్క సరిపోయింది. రోలండ్ కాగితాలు తీశాడు. అయితే ఆ శుక్రవారమే ఆసుపత్రివాళ్లు విల్మాకు చక్రాల కుర్చీ రాసిచ్చారు. లెక్క మళ్లీ పైకి పోయింది. ఎమిల్ ట్రైలర్‌లోంచి బల్ల తీయించాడు, పొయ్యి తీయించాడు. ఆ పొయ్యి నేనే విప్పాను. అంతలో ఆక్సిజన్ సిలిండర్లు వచ్చాయి. జూలై పోయింది, ఆగస్టు పోయింది. అతను బండిలోంచి ఏది తీసినా జబ్బు ఇంకొకటి తెచ్చి ఎక్కించేది. తిరిగి తిరిగి లెక్క అరవై ఎక్కువ దగ్గరే ఆగింది.

ఒకటి మాత్రం తగ్గుతూనే ఉంది. అది అందరికీ కనబడుతూనే ఉంది. మేలో ట్రైలర్ మెట్టు ఎక్కడానికి ఎమిల్ ఆమెకు చెయ్యి అందించేవాడు. ఆగస్టుకు ఎత్తి లోపల పెట్టేవాడు, శ్వాస కూడా మారకుండా. ఆమె ఉంగరం జారిపోకుండా దానికి దారం చుట్టుకుంది. అయినా ఎమిల్ లెక్కలో మొదటి అంకె ఎప్పుడూ ఒకటే. విల్మా, నూట డెబ్బై.

రోలండ్ ఒకసారి గొంతు తగ్గించి అన్నాడు. "ఎమిల్, ఏమనుకోకు. విల్మా ఇప్పుడు ఆ బరువు..."

"విల్మా నూట డెబ్బై," అన్నాడు ఎమిల్.

రోలండ్ కాఫీ పోసుకునే నెపంతో లోపలికి వెళ్లిపోయాడు.

విల్మాకు తను చిక్కిపోయానని తెలుసు. అద్దం ఉంది కదా. ఎంత చిక్కిందో మాత్రం ఆమె దగ్గర అంకె లేదు. ఆసుపత్రిలో కిలోల్లో తూస్తారు. మా ఊళ్లో కిలో అంటే ఎవరికీ మనసులో పట్టదు. ఇంట్లో తూనిక కుక్కను తూచిన తర్వాత ఎక్కడికో మాయమైంది. "గరాజ్‌లో ఎక్కడో పెట్టి మరిచిపోయాడట," అని ఆమె నాతో నవ్వుతూ చెప్పింది. "ఒక ముప్ఫై తగ్గి ఉంటానా టెస్సీ? మా పెళ్లి గౌను పడుతుందేమో ఇప్పుడు." నేను పరుపు గలీబు మార్చే పనిలో పడ్డాను.

సెప్టెంబరు మూడోవారంలో ఆమెకు ఓపిక పోయింది. ఆఫీసు మెట్ల ముందు కుర్చీలో కూర్చుని, "నీ పెన్సిల్‌తో చస్తున్నాను ఎమిల్," అంది. "రోలండ్, ఈ ట్రైలర్ మాకు ఒక పూటకి ఇయ్యి. అంతా ఎక్కించుకుని కాటా మీదకి పోతాం. ఉన్నదేదో అదే చెబుతుంది."

"పెన్సిల్ సరిగ్గానే ఉంది," అన్నాడు ఎమిల్.

"అయితే భయమెందుకు?"

ఎమిల్ రోలండ్ వైపు చూశాడు, రోలండ్ వద్దంటాడేమోనని. రోలండ్ అమ్మకం కుదురుతుందన్న ఆశతో అప్పటికే తాళాలు తీశాడు.

ధాన్యం గిడ్డంగి దగ్గర లారీలు తూచే కాటా ఉంది. కోతలు ఇంకా జోరందుకోలేదు, ఖాళీగా ఉంది. ప్రయాణానికి పట్టుకెళ్లేవన్నీ వాళ్లు ఎక్కించారు. మంచినీళ్లు, దుప్పట్లు, కుర్చీ, సిలిండర్లు, కుక్క. నేను కంపెనీ కారులో వెనకాలే వెళ్లాను, ట్రైలర్ గొలుసులు, దీపాలు చూసుకోమని రోలండ్ పంపితే. పికప్ చక్రాలు కాటా మీద, ట్రైలర్ చక్రాలు బయట ఉండేలా ఎమిల్ మెల్లగా నిలిపాడు. పికప్‌కు దాటకూడని మొత్తం ఎంతో కాటా గదిలో ఉన్న మెర్ల్‌కు ముందే చెప్పి ఉంచాడు.

"నువ్వు దిగు విల్మా," అన్నాడు. "చలిగా ఉంది. నీది నేను కలుపుకుంటాను."

"నేను దిగను. నన్నూ తూయనీ."

మెర్ల్ కిటికీ అద్దం తీసి, రోడ్డు అవతలికి కూడా వినిపించేలా అరిచాడు.

"సరిపోయిందయ్యా! ఇంకా ఇరవై మిగిలింది! పోండి, కొండలెక్కండి!"

కుక్క మొరిగింది. ఆ తర్వాత కాసేపు పికప్ కదల్లేదు. మెర్ల్ రెండుసార్లు చేత్తో సైగ చేశాడు, వెనక ఒక ధాన్యం లారీ వచ్చి ఆగింది. చివరికి పికప్ కాటా దిగి, ఇంటివైపు కాకుండా, హైవే పడమటివైపూ కాకుండా, తిన్నగా మా స్థలానికి వచ్చింది. ఎమిల్ దిగి కొక్కెం విప్పాడు. గొలుసులు చుట్టి పక్కన పెట్టాడు. తాళాలు రోలండ్ చేతిలో పెట్టాడు.

"ఏమైంది? మెర్ల్ ఫోన్ చేశాడే, సరిపోయిందని!"

"వద్దులే."

"ఏం వద్దు? నాలుగు నెలలు నా ప్రాణం తీసి ఇప్పుడు వద్దంటే..."

"వద్దన్నాను కదా రోలండ్."

విల్మా పికప్‌లోనే ఉండిపోయింది. నావైపు చెయ్యి ఊపలేదు.

బీట్ కోతలు మొదలైన వారంలో ఆమె పోయింది. రాత్రింబవళ్లు లారీలు తిరుగుతూ ఉంటే, ఆ మట్టి రొచ్చులోనే బండ్లన్నీ చర్చికి వెళ్లాయి. పూడ్చిపెట్టి వచ్చాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. కాబేజీ, మాంసం కూరిన బన్నులు, పంది తొడ మాంసం, కాఫీ. విల్మా చుట్టాలావిడ మెర్ల్‌ను పట్టుకుంది.

"నిజంగానే సరిపోయిందా?"

"నా నోటితో నేనే చెప్పానమ్మా. ఇరవై పౌన్లు మిగులు కూడాను."

"మరింకేం రోగం ఈయనకి?"

"ఏమో. తాళాలు పారేసినట్టు ఇచ్చేశాడట."

"బతికున్నన్నాళ్లూ ఏ ఊరూ తిప్పలేదు, పోయేముందు తిప్పుతాడా?"

ఎమిల్ రెండు బల్లల అవతల కూర్చుని ఉన్నాడు. ఆమె గొంతు చిన్నదేమీ కాదు. అతను బన్ను సగానికి తుంచి, ఆ సగాన్ని మళ్లీ తుంచి, కాగితం పళ్లెం అంచున వరుసగా పెట్టాడు. ఎవరో కాఫీ పోస్తే థాంక్స్ చెప్పాడు.

ట్రైలర్‌ను నవంబరులో కాన్సస్‌వాళ్లు కొనుక్కుపోయారు. ఎమిల్ పికప్‌లో వెనక సీటు ఇప్పటికీ బిగించలేదు. పోస్టాఫీసు ముందు ఆ పికప్ కనబడితే జనం ఈ కథ మళ్లీ ఎత్తుకుంటారు. అతను వచ్చేసరికి వాతావరణం గురించి మాట్లాడతారు. అతనూ వాతావరణం గురించే మాట్లాడతాడు.

కాటా మీద పికప్ ఆగి ఉన్నప్పుడు నేను విల్మా కూర్చున్న వైపే నిలబడి ఉన్నాను, గొలుసు చూసి లేస్తూ. ఆమె అద్దం దించే ఉంది. మెర్ల్ అరిచినప్పుడు ముందు నవ్వింది. తర్వాత పెదవులు కదిలాయి. అరవై ఎక్కువ ఉండాల్సింది ఇరవై తక్కువ వచ్చింది. చిన్న లెక్కే.

"ఎనభై," అంది. "ఎనభై పౌన్లా, ఎమిల్?"

"సరిపోయింది విల్మా. రేపు పొద్దున్నే బయల్దేరదాం."

"అంటే నేను తొంభై. బళ్లో ఆరో తరగతి పిల్లలుంటారు చూడు, అంత."

"కొనేస్తాను. ఇవాళే కొనేస్తాను. రాత్రికి సర్దుకుందాం."

ఆమె తన రెండు చేతులూ దుప్పటి కిందికి పెట్టుకుంది.

"ఇచ్చెయ్ దాన్ని."

"విల్మా, సరిపోయింది."

"ఇచ్చేసి నన్ను ఇంటికి తీసుకెళ్లు."

ట్రైలర్ వెనక్కి ఇచ్చేయమన్నది విల్మా.