పది అనేలోపు

కూర్చుంటే కూర్చోలేను, నిలబడితే నిలబడలేను. తమ్ముడు రేసుకు బయల్దేరే వారమంతా ఇప్పటికీ నా పరిస్థితి ఇదే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠం చెబుతూ, బోర్డు మీద రాసిందే మళ్లీ రాస్తుంటాను. వెనక బెంచీల వాళ్లు నవ్వుకుంటారు.

తమ్ముడు పంజాగుట్టలో ఒక కార్ల వర్క్‌షాపులో మెకానిక్. దాని యజమానికి రేసుల పిచ్చి. తన కారును చెన్నై దగ్గరి ట్రాక్ మీద తోలడానికి మావాణ్ణి ఎంచుకున్నాడు. అక్కడ ఇన్నేళ్లలో ఒంటి మీద గీత కూడా పడనివాడు, నిరుడు వానాకాలం పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ బైక్ జారి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేశారు. ఇక రేసులు మానేస్తాడని లోలోపల సంతోషించాను. అక్కవై ఉండి అలా సంతోషించవచ్చా అంటే, సంతోషించాను, అంతే.

భుజం కుదురుకోగానే వాడు మళ్లీ ట్రాక్ మాటెత్తాడు. దెబ్బ తగిలిన డ్రైవర్‌ను ఊరికే కారెక్కనివ్వరట. హెల్మెట్, గ్లౌజులు వేసుకుని, బెల్టులన్నీ బిగించుకుని కూర్చుని, అక్కడి అధికారులు చూస్తుండగా గడువులోపల తనంతట తానే బయటపడాలి. కారుకు మంటలంటుకుంటే ఎవరో వచ్చి లాగేదాకా ఆగలేరు కదా. ఆ గడువు ఎంతో మాకు అర్థమయ్యేలా, పది లెక్కపెట్టేలోపు అని చెప్పాడు. అమ్మ విని, "కారు దిగనీకి సుత పరీక్షనా?" అంది.

వర్క్‌షాపు నుంచి పాత రేసు సీటు తెచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చెక్కలకు బిగించాడు. తల పైన, రేసు కారులో ఉన్నట్టే ఒక ఇనుప కడ్డీ. బెల్టు బకిల్ తిప్పి, కుడిచేత్తో ఆ కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి. చేయి లేచినప్పుడల్లా వాడి పళ్లు బిగుసుకునేవి. స్కూటర్ పెట్టుకోవడానికి వచ్చిన పై అంతస్తు పెద్దాయన, సర్కస్ ఏమైనా పెడుతున్నారా అమ్మా అని అడిగి వెళ్లాడు. లెక్కపెట్టే పని నాది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది కదరా అంటే, నువ్వే లెక్కపెట్టమని పట్టుబట్టాడు.

మొదటి సాయంత్రం భయంతోనే నా లెక్క పరుగెత్తింది. నాలుగు దాటాక ఆ సీటు చుట్టూ నిజంగానే పొగ లేచినట్టనిపించింది. పది అనేసరికి వాడు సగమే లేచాడు. అప్పుడే నాకు దారి దొరికింది. ఇలాగే లెక్కపెడితే వాడు ఎప్పటికీ బయటపడలేడు, బయటపడలేకపోతే చెన్నై పోడు. రెండో రోజు నుంచి కావాలనే ఉరికించాను. తప్పు చేస్తున్నానని నాకప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

వాడు విసుక్కోలేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. బకిల్ వైపు చూడకుండానే తిప్పడం నేర్చుకున్నాడు. కుడిచేయి అందుకునేలోపే ఎడమ మోచేత్తో ఒంటిని లేపడం నేర్చుకున్నాడు. ఒకరోజు కోపం పట్టలేక, ఇంత అవస్థపడి ఆ ప్రమాదంలోకే పోవాలా అని అరిచాను. వాడు హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు.

"ప్రమాదం ఎట్లైనా ఉంటదక్కా. బయటికొస్తనని నమ్మకముంటేనే ఎక్కుత. లేకుంటే నేనే ఎక్క."

ఆ మాట నాకు నచ్చలేదు. నమ్మకం వాడిది, భయం నాది. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు.

పరీక్ష రోజు క్లాసు మానేసి అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద అటూ ఇటూ తిరుగుతుంటే చెన్నై నుంచి వాడి ఫోన్ వచ్చింది. పాసయ్యాడట, టైమ్ ఇంకా మిగిలిందట.

"నువ్వు లెక్క ఉరికిస్తున్నవని ఫస్ట్ రోజే ఎరుకైందక్కా," అన్నాడు.

మరి ఎందుకు ఊరుకున్నావురా అని అడిగాను.

"అట్ల ఉరికిస్తవనే నిన్ను పెట్టుకున్న. స్టాప్‌వాచ్‌కు భయం ఉండదు కదా."

చుట్టూ జనం తోసుకుంటూ మెట్లు దిగుతున్నారు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆపడానికి పెట్టిన లెక్కతోనే వాణ్ణి తయారుచేసి పంపాను. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు రేసు మొదలయ్యే వేళకు ఇంట్లో ఉండలేక సెల్లార్‌లోకి దిగాను. అమ్మ వెనకే వచ్చింది. ఆ సీట్లో కూర్చుని, బెల్టులు బిగించుకుని, లెక్కపెట్టమన్నాను. అమ్మ చిన్నపిల్లకు అంకెలు నేర్పుతున్నట్టు నెమ్మదిగా, ఒక్కోదాని దగ్గర ఆగి ఆగి లెక్కపెట్టింది. నా వేళ్లు బకిల్ మీద జారిపోతున్నాయి. తొమ్మిది దగ్గర అమ్మ చాలాసేపు నన్నే చూస్తూ ఆగింది. తర్వాత ఇక తప్పదన్నట్టు పది అంది. నేనింకా బెల్టుల్లోనే ఉన్నాను.