స్పేస్‌బార్‌తో గీసిన దారి

ఒక్క నక్షత్రం పక్కకు జరిగినందుకు నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం నామోషీ లేదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు. కడపలో ఒక బండల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం, ఊరి చివర ఒంటరి గది. ఆదివారం నాతో మాట్లాడేది ఫ్యానొక్కటే, అదీ కరెంటుంటే. అలాంటిది, నందికొట్కూరు నుంచి నా ఒకే ఒక్క స్నేహితుడు మద్దిలేటి మెయిల్ పెట్టాడు. కువైట్ పోతున్నాడట, వచ్చే ఆదివారం కడపలో బొంబాయి రైలెక్కే ముందు మధ్యాహ్నం నా గదికొస్తాడట. మళ్ళీ ఎన్నేళ్ళకో!

సంబరం పట్టలేక మెయిల్లోనే దారి పటం గీశాను. వీధులకు అడ్డగీతలు, సందులకు నిలువు గీతలు, మధ్యలో స్పేస్‌బార్ టకటకా, నా గది దగ్గర నక్షత్రం. మేనేజర్ ఓబులేసన్న తొంగిచూశాడు.

"అడ్రసు మాటల్లో రాయరాదేమప్పా?"

"పటముంటే మాటలెందుకన్నా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా పటం ఇంట మాత్రమే గెలిచింది. మా ఆఫీసు మెయిల్లో ప్రతి అక్షరానికీ, ఖాళీకీ ఒకే వెడల్పు. నందికొట్కూరు నెట్ సెంటర్లో ఖాళీలన్నీ కుంచించుకుపోయి, పొడుగు గీతలు విరిగి కింది వరుసలో పడి, నక్షత్రం మా వీధి చివరికి జారిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు సంగటి కెలికి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరి కూర్చున్నాను. అడుగుల చప్పుడైతే చాలు, తలుపు దగ్గరికి పరుగు. సంగటి ముద్ద ఆరి పాలిష్ పెట్టదగ్గ బండయింది. రైలు వేళ దాటింది. సిగ్గెందుకు, ఏడ్చాను.

వారం తర్వాత కువైట్ నుంచి మెయిల్ వచ్చింది.

"నీ నక్షా పట్టుకొని చుక్క కాడికే పోయినా. శ్మశానం! వీధంతా అడిగినా, నీ పేరు ఒక్కరికీ తెల్దు. ఆడే కూచున్యా. కాపరి తాత వచ్చి, 'ఎవురికోసమప్పా?' అన్యాడు. 'మావాడు ఈడే ఉండాడంట' అన్యా. 'వచ్చి ఎన్నాళ్ళాయ?' 'రెండేండ్లు.' పాపం, నీ పేరడిగి, భుజం తట్టి టీ తాపించినాడు."

పగలబడి నవ్వాను. రెండేళ్ళున్న వీధిలో నా పేరు ఎవరికీ తెలియదన్న దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ ఆదివారమే శ్మశానానికి వెళ్ళి తాతకు నా పేరు చెప్పాను. ఆయన నన్ను కాళ్ళనుంచి తలదాకా చూశాడు.

"బతికే ఉండావా నాయనా! నీ పేరు చెప్పి దినామూ ఒక అగరొత్తి ముట్టిస్తాండానే!"

కడపలో నన్ను రోజూ తలుచుకునే మనిషి ఒకడున్నాడని అలా తెలిసింది. ఆ శ్మశానం గేటు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా సరే, మెయిల్లో పటం గీయను.