దిగుడులో తెల్ల బండి మోత

రెండు వేల ఏడు జూన్‌లో నన్ను రామగుండం ప్రాంతంలోని ఒక ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే, బొగ్గు గనికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సూపరింటెండింగ్ ఇంజనీరు, బాధ్యత డంపర్ల షెడ్డు. అంతకుముందు గోలేటిలోనూ యంత్రాల మరమ్మతే చూశాను కాబట్టి కొత్తగా భయపడవలసింది ఏమీ ఉండదనుకుంటూ గోదావరిఖనిలో సామాను దించాను. చేరిన రోజే ప్రాజెక్టు ఆఫీసరు గారు, అంటే గని మొత్తానికి బాధ్యుడైన అధికారి, పిలిచి ట్రయల్ పని అప్పగించారు. రెండు కంపెనీలు చెరొక కొత్త డంపరును పరీక్ష కోసం పంపాయి. వానాకాలమంతా రెండింటినీ ఒకే దారిలో నడిపి, ఏది మంచిదో తేల్చి, దసరా లోపల కొత్తగూడెం హెడ్డాఫీసుకు నివేదిక పంపాలి. దాన్ని బట్టి ఒక పెద్ద గుంపే కొంటారు. అవి ఏళ్ల తరబడి నడుస్తాయి. నేను తప్పు చెబితే, నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఎవరో ఒకరు ఆ తప్పును నడుపుతూ ఉంటారు.

మాది మంథని. మా వాళ్లంతా గుడి, బడి అంటూ బతికినవాళ్లు. ఇంట్లో డీజిల్ వాసన పట్టినవాణ్ని నేనొక్కణ్నే. ఫికర్, అంటే దిగులు, మాత్రం నాకు జీతంతో పాటు వచ్చే అలవెన్సు. సెలవు రోజు కూడా ఆగకుండా వచ్చేది.

డంపర్ అంటే రోడ్డు మీద కనిపించే టిప్పర్ కాదు. చక్రమే మనిషి కంటే ఎత్తు. క్యాబిన్‌లోకి వెళ్లడానికి నిచ్చెన ఎక్కాలి. బొగ్గు పైనున్న మట్టిని, రాయిని మోయడం దాని పని. మామూలుగా గనిలోకి ఖాళీగా దిగి, నిండుగా పైకెక్కుతుంది. మా దగ్గర ఆ ఏడు తలకిందులు. బొగ్గు తీసేసిన పాత గుంతను పూడుస్తున్నందున, పై మెట్ల మీద నింపిన మట్టిని కిందికి దింపాలి. అంత బరువుతో, వానలో, జారే నేల మీద దిగడమంటే పూర్తిగా రిటార్డర్ మీద ఆధారపడడమే. రిటార్డర్ అంటే దిగుడులో బండిని పట్టి ఉంచే ఏర్పాటు. స్టీరింగు పక్కన చిన్న లీవరు. అది లాగితే వెనక చక్రాల్లో ఆయిల్‌లో మునిగి ఉన్న పళ్లేలు ఒకదాన్నొకటి ఒత్తుకుని వేగాన్ని ఆపుతాయి. మామూలు బ్రేకు బండిని నిలపడానికే. దిగుడంతా దాన్నే తొక్కితే మధ్యలోనే చేతులెత్తేస్తుంది.

వచ్చిన రెండింటిలో ఒకటి తెల్లది, ఒకటి పసుపుది. తెల్ల బండి ఇంజను తొక్కితే పరుగే. ఖాళీగా పైకి వచ్చేటప్పుడు పాత బండ్లన్నిటినీ వెనక్కి నెట్టేది. స్టీరింగు తేలిక. బురదలో ముందు చక్రాలు ఎటు తిప్పితే అటు తిరిగేవి. పసుపు బండి ఇంజను బద్ధకంగా మొదలయ్యేది. కాని ఒకసారి పట్టుకుంటే ఎక్కుడు చివరిదాకా గేరు మార్చే పనిలేదు. స్టీరింగు బరువు. షిఫ్టు దిగేసరికి భుజాలు పట్టేస్తున్నాయని ఆపరేటర్లు గొణిగేవారు. పైగా దాని గొట్టాలు కారేవి, దాని ఏసీ మొదటి వారమే మూలబడింది. తెల్ల బండి ఏసీ మాత్రం చల్లగా, తలుపు వేస్తే దుమ్ము రేణువు కూడా లోపలికి రాకుండా పనిచేసేది. రామగుండం ఎండ తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తెల్ల బండి మొదటి షిఫ్టు ఆపరేటరు ఓదెలు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, చెయ్యి తిరిగినవాడు, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. పసుపు బండి సమ్మయ్యది. సమ్మయ్య ఓదెలు అక్కను చేసుకున్నాడు కాబట్టి ఓదెలుకు బావ. ఈ బావా బామ్మర్దుల పోటీ క్యాంటీన్‌లో అందరికీ వినోదం. నీ బండి పెండ్లిపిల్ల లెక్క సోకులకే పనికొస్తదని సమ్మయ్య అంటే, నీది ముసలి దున్నపోతని ఓదెలు బదులిచ్చేవాడు.

ఆపరేటర్లకు ఒక ఆచారం ఉంది. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించిన రోజు నుంచి అది 'నా బండి'. సీటు మీద తన టవలు, అద్దం ముందు తన దేవుడు. ఇంకొకరు ఎక్కితే ముఖం మాడిపోతుంది. దీనికి తోకగా మరొకటి ఉంది. బండిలో లోపం చెబితే అది షెడ్డుకు వస్తుంది, బాగయ్యేదాకా ఆపరేటరుకు ఏదో ఒక పాత బండి ఇస్తారు. అందుకని నచ్చిన బండి లోపాలను కడుపులో పెట్టుకుంటారు, నచ్చని బండి గురించి గోరంతకు కొండంత చెబుతారు. ఈ సంగతి నాకు తెలుసు. పసుపు బండి మీద రోజుకో ఫిర్యాదు, తెల్ల బండి మీద ఒక్కటీ లేకపోవడం చూసినప్పుడల్లా ఫిర్యాదుల పుస్తకం ఇంకోసారి తిరగేసేవాణ్ని.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం ముసురు పట్టి ఉంది. దిగుడు మలుపు దగ్గర గొడుగు వేసుకుని నిలబడ్డాను. ఏదో బండి ఎక్కుడు ఎక్కుతున్న మోత వినిపించింది. ఇంజను గొంతు చించుకుంటోంది. తిరిగి చూస్తే తెల్ల బండి, నిండుగా, కిందికి దిగుతోంది. దిగే బండి ఇంజను అంతగా అరవకూడదు. రిటార్డర్ పట్టి ఉంచితే అది దాదాపు విశ్రాంతిగా ఉంటుంది. అలా అరుస్తోందంటే బరువంతా గేరు మీద, ఇంజను మీద ఆపుకుంటున్నాడన్న మాట. ఆ వెనకే పసుపు బండి రెండో గేరులో నెమ్మదిగా గురక పెట్టుకుంటూ దిగింది.

ఆ మధ్యాహ్నమే ఓదెలును పిలిచి అడిగాను. "గట్లేం లేదు సారు, నా బండి మంచిగున్నది. వాన గదా, జర సూసుకుంట దింపుతున్న," అన్నాడు. షెడ్డులో చదును నేల మీద రిటార్డర్ పరీక్షించాం. చక్కగా పట్టింది. మర్నాడు అతని పక్కన, శిక్షణకు వచ్చేవాళ్ల కోసం ఉండే రెండో సీటులో కూర్చుని దిగాను. దిగుడు మొదట్లో బండిని పూర్తిగా ఆపి, మొదటి గేరు వేసి, మనిషి నడకతో దింపాడు. లీవరును అప్పుడప్పుడు తాకాడంతే, ఆయిల్ వేడి చూపే ముల్లు కదలలేదు. ఒక్క తప్పు కూడా పట్టలేకపోయాను. జాగ్రత్తగా నడపొద్దని ఏ ఇంజనీరైనా ఎలా చెబుతాడు? దిగుడులో పోయిన సమయాన్ని ఎక్కుడులో ఆ ఇంజను బలంతో రాబట్టుకునేవాడు కాబట్టి ట్రిప్పులూ తగ్గలేదు.

ప్రాజెక్టు ఆఫీసరు గారు తొందరపెట్టసాగారు. ఉత్పత్తి బాగుంది, ఆపరేటర్లకు నచ్చింది, ఇంకా మీ అనుమానమేమిటని అడిగారు. బండి మోత నచ్చలేదు సార్ అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఓదెలు లాంటి చెయ్యి ప్రతి బండికీ దొరకదు. రేపు అలాంటి తెల్ల బండ్లు గుంపుగా వచ్చి, నిన్న మొన్న లైసెన్సు తెచ్చుకున్నవాడు రెండో గేరులో దింపితే? అన్నం ముందు కూర్చున్నా ఆ మోతే వినిపించేది. చివరికి, ఒక్క షిఫ్టు ఆపరేటర్లను మార్చి నడిపిస్తానని, ఆ తర్వాత సంతకం పెడతానని అనుమతి తీసుకున్నాను.

అది విని ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. ఒకరి బండి ఇంకొకరు ఎక్కుడు మంచిది కాదు సారు అని సమ్మయ్య నసిగాడు. ఓదెలు మాత్రం దగ్గు వచ్చిందని బయటికి వెళ్లాడు.

మర్నాడు మొదటి షిఫ్టు. దారంతా ఖాళీ చేయించి, దిగుడు అంచునున్న మట్టి కట్టను ముందే ఎత్తు పెంచి ఉంచాను. పరీక్ష పెట్టింది నేను కాబట్టి పైన వాకీటాకీ పట్టుకుని నిలబడడం నచ్చక సమ్మయ్య పక్కన రెండో సీటులో కూర్చున్నాను. సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాను. సమ్మయ్య మాత్రం హుషారుగా ఉన్నాడు. "సూడు సారు, మా బామ్మర్ది టవలు సుత మర్చిపోలే, తీస్కపోయిండు," అని నవ్వి, చల్లగాలికి ముఖం పెట్టి, "వీడు ఊకెనే గింత ప్రేమ సేత్తలేడు," అన్నాడు.

మట్టి తవ్వి పోసే షావెల్ యంత్రం మా బండిని నింపింది. దిగుడు మొదలుకు వచ్చాం. సమ్మయ్య తన అలవాటు ప్రకారం రెండో గేరు వేసి, ముందుకు కదులుతున్నట్టు రెండుసార్లు హారను కొట్టాడు. అప్పుడు కనిపించాడు ఓదెలు. పసుపు బండిని పక్కన ఆపేసి వచ్చి, దారి నడిమధ్యలో, హెల్మెట్ తీసి చేత్తో ఊపుతూ, మాకు ఎదురుగా వస్తున్నాడు. డంపరు ముందుకు మనిషి నడిచి రావడం గనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. సమ్మయ్య తిట్టుకుంటూ బ్రేకు తొక్కాడు. బండి ఇంకా సమతలం మీదే ఉంది కాబట్టి ఆగింది. సమ్మయ్య తలుపు తెరిచి అరిచాడు. ఓదెలు అంతకంటే గట్టిగా అరిచాడు.

"దిగు బావా! నువ్వు రెండో గేర్ల దింపుతవ్. అది పట్టది. సగం దాక పట్టి, వేడైనంక ఇడిసిపెడ్తది. దిగు!"

నేను నిచ్చెన దిగి అతని దగ్గరికి వెళ్లాను. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. బోనాల ముందటి నుంచి అన్నాడు. తల వంచుకునే చెప్పాడు. "చెప్తే బండి షెడ్డుకు పోతది సారు. ట్రయల్ల ఓడుతది, వాపస్ పంపుతరు. నాకు మల్ల గా పాత డబ్బనే ఇస్తరు. దాంట్ల దుమ్ము దుబ్బంత నా ఛాతిలకే పోతది. దవాఖానల గోలీలు ఇచ్చి పంపుతరు గని, దుబ్బ లేని జాగ సూపియ్యరు గద. నాకు దింపుడు ఎర్కనే, ఎట్లనన్న గీ రెండేండ్లు ఎల్లదీస్త అనుకున్న. బావను ఎక్కిస్తరని అనుకోలే."

సమ్మయ్య బండి దిగి వచ్చి పక్కనే ఉన్న బండరాయి మీద కూర్చున్నాడు. "నాకేమన్న అయితే మీ అక్కకు ఏం చెప్తువురా?" అన్నాడు. ఆ వారమంతా బామ్మర్దితో మాట్లాడలేదు. తర్వాత మళ్లీ ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బా విప్పడం చూశాను.

బండి విప్పితే సంగతి తేలింది. వెనక చక్రాల్లోని ఆయిల్ సీలు వేడికి గట్టిపడి చీలింది. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి నిలిచేది, వేడెక్కగానే లోపలే జారిపోయేది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి కొత్త సీలు వేశారు. దసరా రాకముందే అదీ అలాగే చీలింది. ఈసారి నడిపింది వేరే ఆపరేటరు, మొదటి రోజే చెప్పాడు.

నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇంజను బలంలోనూ, నడపడానికి అనువులోనూ తెల్ల బండిదే పైచేయి. ఖాళీగా దిగే గనుల్లో దానికి ఢోకా లేదు. నిండుగా దిగే మా గనికి మాత్రం పనికిరాదు. గొట్టాలు మార్చి, ఏసీతో దుమ్ము చొరబడని క్యాబిన్ అమర్చి ఇస్తేనే పసుపు బండి కొనాలి. క్యాబిన్ సంగతి నివేదికలో అవసరమా అని ప్రాజెక్టు ఆఫీసరు గారు అడిగారు. బ్రేకు ఎంత అవసరమో అదీ అంతే అని చెప్పాను. లోపం దాచినందుకు ఓదెలుకు చార్జిషీటు ఇవ్వొచ్చు. ట్రిప్పు మొదలుకాకముందే బండిని ఆపించి లోపం చెప్పాడని రాసి పంపాను. అదీ నిజమే కాబట్టి నాకు ఇబ్బంది అనిపించలేదు.

కొనుగోలు ఫైలు హెడ్డాఫీసులో తన నడక తాను నడిచింది. క్యాబిన్ షరతు మాత్రం ఎవరూ కొట్టేయలేదు. పసుపు బండ్లు వచ్చేనాటికి ఓదెలు రిటైరయ్యాడు. మిగిలిన సర్వీసంతా పాత బండిలోనే, ముక్కుకు టవలు కట్టుకుని చేశాడు. చల్లని క్యాబిన్‌లో అతను కూర్చున్నది ఆ ఒక్క వానాకాలమే.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి ట్రయల్‌లోనూ ఆపరేటర్లను వారం వారం మార్చి నడిపించాను. ఏ బండి బాగుందని అడిగే ముందు ఇంకొక ప్రశ్న అడగడం కూడా అలవాటు చేసుకున్నాను. ఈ బండి వెళ్లిపోతే నీకు ఏ బండి ఇస్తారు? దానికి వచ్చే జవాబు విన్నాకే మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును నమ్మాలో లేదో నాకు తెలిసేది.