తప్పుడు కబుర్ల తీగ

నాందేడులో నా డీటీపీ దుకాణానికి యూపీఎస్ కొన్న కొత్తలో, అదొక్కటి చాలు గోదావరి అవతలి ఒడ్డుకు కూడా రాత్రంతా వెలుగివ్వడానికని గోకుంద దాకా చెప్పి వచ్చాను. అత్తగారి ఊళ్లో అంతకన్నా తక్కువ చెబితే అల్లుడి మర్యాద ఏం కాను? ఆ మాట నమ్మబట్టే మా మామ తన కొడుకు పెళ్లికార్డు పని నాకు అప్పగించాడు.

మేం పనికి కూర్చున్న రోజుకు మర్నాడే అమావాస్య, శుభకార్యానికి పనికిరాదు. కాబట్టి ఒకరోజు ముందే మొదటి కార్డు ఇంటి దేవుడి ముందు పెట్టాలి. నేను నూనె కాగితంలాంటి బటర్ పేపరు మీద మాదిరి అచ్చు తీసి ఇస్తే తప్ప ప్రెస్సువాడు కార్డు వేయడు. మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగు. ప్రింటరు యూపీఎస్ మీద నడవదు. కరెంటు ఉండగానే పేపరు బయటికి రావాలి. మామ పొద్దున్నే వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

అచ్చుకు ఇచ్చానో లేదో తెర మీద కబురు వచ్చింది: కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోతోంది, ఆపేస్తున్నాను. తలెత్తి చూశాను. ఫ్యాను తిరుగుతోంది, ట్యూబులైటు వెలుగుతోంది. కంప్యూటరు మాత్రం అన్నంత పనీ చేసి ఆరిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే.

"ఏందల్లుడా, కరెంటున్నది గద?"

"ఉన్నది మామా. గా యూపీఎస్ డబ్బ లేదా, కరెంటు పోతే గీ తీగకెల్లి కంప్యూటర్‌కు కబురు చెప్తది. ఇయ్యాల అబద్ధం చెప్తున్నది."

"డబ్బ అబద్ధం చెప్తదా? నీ దగ్గర్నే నేర్సిందా ఏంది?"

పెళ్లయినప్పటి నుంచి ఆయనకు నేను చెప్పిన మొదటి నిజం అది. నమ్మలేదు.

"పొద్దుమీకి పిల్ల తరఫోళ్లు అచ్చి కూసుంటరు. కార్డేదంటే ఏం జెప్పాలె? డబ్బ సక్కగ మాట్లాడుతలేదని జెప్పాల్నా? జల్ది కానియ్యి!"

బల్ల కిందికి దూరాను. యూపీఎస్ వెనక ఆ కబురు తీగను ఒకవైపు వంచితే కబురు వస్తోంది, ఇంకోవైపు వంచితే పోతోంది. పీకి చూశాను. పిన్నుల మధ్య ఎర్రటి ముద్ద, ఇంకా తడిగానే ఉంది. పొద్దున నేను తీగలన్నీ పీకి దుకాణం ఊడుస్తుంటే, కొడుకు పెళ్లి పని కదా అని మామ కుంకుమ తడిపి యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టాడు. రంధ్రాలున్న వైపే యూపీఎస్‌కు ముఖం అనుకున్నట్టున్నాడు.

"ఏందల్లుడా అది, ఎర్రగ?"

"తుప్పు మామా. సముద్రం గాలికి."

"నాందేడ్ల సముద్రమెక్కడిది?"

"బొంబాయికెల్లి అస్తది మామా, రైలెంబడి."

మామ తలూపాడు. ఇది నమ్మాడు.

తుడిచాను గానీ ఆ తీగను మళ్లీ నమ్మే ధైర్యం లేకపోయింది. బయటే వదిలేసి అచ్చుకు ఇచ్చాను. డబ్బా జాడ తెలియడం లేదని తెర గొణిగింది, ఆరిపోలేదు. అంతలో పక్క గల్లీలో పిండి గిర్నీ ఆగిపోయింది. కరెంటు లైన్లు ఒక్కొక్కటే తీసేస్తున్నారన్నమాట. పేపరు అంగుళం అంగుళంగా వస్తోంది. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ముహూర్తం. బిడ్డను అందుకునేవాడిలా మామ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. చివరి అంచు బయటపడగానే తీసుకుని, చెప్పుల్లో కాళ్లు సరిగా పెట్టకుండానే ప్రెస్సుకు ఉరికాడు.

ఆయన గల్లీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఫ్యాను ఎప్పుడు ఆగిందో, వెనక యూపీఎస్ కరెంటు పోయిందని ఎప్పటి నుంచి కూస్తోందో నాకు తెలియనే లేదు.