ఐసొలేటెడ్ నుంచి వైడ్‌స్ప్రెడ్ దాకా

రిటైరవడానికి రెండేళ్ల ముందు, సరిగ్గా వరికోతలు మొదలైన వారంలో నన్ను తెనాలి నుంచి రేపల్లెకు బదిలీ చేశారు. అప్పటికి బాపట్ల జిల్లా కేంద్రమై ఎంతోకాలం కాలేదు. నేను పనిచేసిన శాఖ పేరెందుకులెండి, పంటలు పోయినప్పుడు వెళ్లి చూసి పైకి రాసే శాఖ అనుకోండి. పంట బాగుంటే మమ్మల్ని తలుచుకునే నాథుడుండడు. నేను మండల స్థాయి అధికారిని. నా పైన బాపట్లలో జిల్లా అధికారి. ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్లం. కొత్త కుర్చీ వేడెక్కకముందే తుఫాను వచ్చిపడింది.

తుఫాను తీరం దాటిన మర్నాడే ప్రాథమిక నివేదిక వెళ్లాలి. అందులో అంకెలుండవు. ఒకసారి పైకెక్కిన అంకెను కిందికి దించడం ఎవరి తరమూ కాదు కనక, అంకెల బదులు ఇంగ్లీషు విశేషణాలు పంపుతాం. వాటికి మా శాఖలో ఎవరూ రాసిపెట్టని అంతస్తులున్నాయి. ఐసొలేటెడ్ అంటే అక్కడొక చేను, ఇక్కడొక చేను పోయినట్టు, ఎవరూ కదలక్కర్లేదు. లోకలైజ్డ్ అంటే ఏదో ఒక మూలకు ఒక గణన బృందం వచ్చి, నష్టం లెక్కగట్టి వెళ్తుంది. ఎక్స్‌టెన్సివ్ అంటే ఊరూరా బృందాలు. వైడ్‌స్ప్రెడ్ అంటే రాష్ట్ర స్థాయి వాళ్లే కార్లేసుకుని దిగుతారు. వాళ్లకు గెస్ట్‌హౌసు, అందులో ఏసీ, భోజనంలోకి రొయ్యల వేపుడు, అన్నీ మన నెత్తినే. అందుకే మావాళ్లకు తుఫానన్నా అంత భయం లేదు గానీ, వైడ్‌స్ప్రెడ్ అంటే హడల్. కాంప్రహెన్సివ్ అనే మాట కూడా ఉంది. దాన్ని నష్టానికి వాడం, మేం చేసిన పనికి వాడుకుంటాం.

ఇంకో ఆచారం కూడా ఉంది. కింది అధికారి విశేషణం పై అధికారి విశేషణం కంటే వెడల్పుగా ఉండకూడదు. పెద్దసారు ఆ ఉదయం బాపట్లలో తన డాబా ఎక్కి, నాలుగు దిక్కులా చూసి, ఐసొలేటెడ్ అని ఫోన్లో పైకి చెప్పేశారు. డాబా మీంచి ఆయనకు కనిపించింది పక్కింట్లో కూలిన మునగచెట్టు ఒక్కటే.

నేను రేపల్లె దాటి ఊళ్లలోకి వెళ్లేసరికి, కోసి పరిచిన వరి పనలు నీళ్లలో తేలుతున్నాయి. నాగమణి అనే కౌలు రైతు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నన్ను గట్టు మీదే ఆపేసింది.

"సార్, పనలు తియ్యమంటారా, ఉంచమంటారా? ఒక్కమాట చెప్పండి."

ఒక్కమాటే, కానీ ఆవిడ సంవత్సరం తిండి అందులో ఉంది. తీసి నూర్చి ఆరబోసుకుంటే కొంత గింజ దక్కుతుంది. కానీ తీశాక బృందం వస్తే ఖాళీ చేను చూసి నష్టం లేదని రాసేస్తుంది. బృందం కోసం ఉంచితే, ఆ బృందం రాకపోతే, చేలో మిగిలేది మొలకలే. బృందం రావడం నా విశేషణం మీద, నా విశేషణం పెద్దసారి డాబా మీద ఆధారపడి ఉన్నాయని ఆవిడకు ఏ మొహంతో చెప్పను?

"తీసెయ్యమ్మా. ముందు గింజ దక్కించుకో, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

"మీరు నిన్నగాక మొన్న వచ్చారు, మీ మాట ఎవరు వింటారండి?" అంది. నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టే మండింది.

ఎక్స్‌టెన్సివ్ అని రాసి పంపాను. వెంటనే బాపట్ల నుంచి ఫోను. "ఏంటయ్యా, నేను ఐసొలేటెడ్ అన్నాక నీకు ఎక్స్‌టెన్సివ్ ఎక్కడ దొరికింది?" అని పెద్దసారు చిందులేశారు. అక్కణ్ణుంచి మా మధ్య కూరగాయల బేరం నడిచింది. నేను సబ్‌స్టాన్షియల్ అన్నాను. ఆడిట్ వాళ్లు పట్టుకుంటారన్నారు. కన్సిడరబుల్ అన్నాను. అది కోర్టు కాగితాల్లో మాట అన్నారు. వైడ్ రేంజింగ్ అంటే, సెమినార్లకు బాగుంటుంది అన్నారు. కడకు ఐసొలేటెడ్ దగ్గరే తెగ్గొట్టి ఫోను పెట్టేశారు. అవతల ఊరంతా నా మాట పట్టుకుని పనలు తీసేస్తోంది. 

పెద్దసారికి పీతల కూరంటే ప్రాణం. నిజాంపట్నంలో పడవలు మళ్లీ వేటకు కదిలాయని తెలియగానే ఫోను చేసి, పీతలు బాగా పడుతున్నాయి, భోజనానికి రండి, రేపల్లె మీదుగా వస్తే రోడ్డు నున్నగా ఉందని చెప్పాను. రోడ్డు మీద ఏముందో చెప్పలేదు.

రేపల్లెలో కారెక్కి ఆయన పక్కనే కూర్చున్నాను. నాగమణి వాళ్ల ఊరి మలుపు తిరగ్గానే కారు ఆగిపోయింది. తారురోడ్డు పొడుగూతా తడిసిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. నాగమణి కాళ్లతో వడ్లు తిరగేస్తూనే ఉంది.

"మీ కారు కోసం వడ్లు తియ్యనండి. దిగి నడవండి" అంది.

"ఎవరయ్యా ఈవిడ?" అన్నారు పెద్దసారు.

"మన ఐసొలేటెడ్ అండి" అన్నాను.

ఆయన నన్ను కొరకొరా చూసి దిగారు. రోడ్డు అంచులోనూ వడ్లే, కాలు పెట్టే చోటు లేక గట్టు కిందికి దిగితే బూట్లు బురదలో దిగబడ్డాయి. నాగమణి గుప్పెడు వడ్లు తెచ్చి ఆయన చేతిలో పోసింది. గింజ గింజకూ తెల్లటి మొలక.

"వాసన చూడండి సార్. ఇది మీరైతే తింటారా?"

ఆయన వాసన చూశారు. "ఇట్లా ఎంతవరకు ఉంది?" అని నన్నడిగారు. నడిస్తే తెలుస్తుందండి అన్నాను. కోపమో రోషమో, పక్క ఊరి దాకా గట్టు మీదే నడిచారు. తిరిగొచ్చి, కారుకు ఆనుకుని, జేబులోంచి ఫోను తీసి పైవాళ్లకు చెప్పిన మాట వైడ్‌స్ప్రెడ్. నేను అడగడానికి భయపడ్డ మాట! నిన్నటి దాకా ఐసొలేటెడ్ కదా అని అవతలివాళ్లు అడిగితే, తరువాతి క్షేత్ర పరిశీలనలో తేలింది అన్నారు. అలా మా పీతల ప్రయాణం క్షేత్ర పరిశీలన అయింది. పీతలు మాత్రం ఆ రోజు ఎవరమూ తినలేదు.

బృందాలు వచ్చాయి. చేలో పనలు లేవు, నష్టం ఎలా రాస్తామని ఒకాయన నసిగితే, "నా చేతిలో పోసి చూపించిందయ్యా, రాయి" అని పెద్దసారే ఫోన్లో గదిమారు. నష్టపరిహారం జాబితాలోకి నాగమణి పేరు ఎక్కింది, ఊరి పేరూ ఎక్కింది. వడ్లలో కొన్ని ఆవిడ ఇంట్లోకి దక్కాయి, తక్కినవి కోళ్ల దాణాకు పోయాయి.

నష్టం ఎంత వెడల్పో తేల్చేది మాట కాదనీ, రాసేవాడు కారు దిగి నడిచిన దూరమనీ నాకు అప్పుడు తెలిసింది. మిగిలిన సర్వీసులో సరైన విశేషణం కోసం బుర్ర బద్దలుకొట్టుకోలేదు. పై అధికారిని తీసుకెళ్లి చేలో దింపేవాణ్ణి. బూట్లు తడిశాక మాట ఆయనే వెతుక్కునేవారు.