తప్పుగా వచ్చిన సముద్రం

రేడియో స్టేషన్లో అతన్ని చెవులరాజు అంటారు. ముప్పై ఏళ్ళుగా అతనిది ఒకటే గది. గోడలకు చిల్లుల అట్టలు, బల్ల మీద రెండు టేపు మిషన్లు, టేపు కోసే బ్లేడు, అతికించే తెల్ల పట్టీ. ఆ గదిలోకి ఎంతమంది కవులు వచ్చి వెళ్ళారో లెక్కలేదు. అందరి మీదా అతనికి ఒకటే అభిప్రాయం. వాన మీద పద్యం రాసినవాడెవడూ వాన పడుతుంటే కిటికీ తెరిచిన పాపాన పోలేదు. పిట్టపాట గురించి రాసినవాడికి పిట్టకీ సైకిలు చక్రం కిర్రుకీ తేడా తెలియదు. వాళ్ళని చూస్తేనే అతనికి ఒళ్ళుమంట.

ఆ వారం వచ్చినాయన మరీ పెద్ద కవి. పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయాక, ఊసుపోక సముద్రం మీద ముప్పై పద్యాలు రాశాడు. ప్రకృతి అంతా ఛందస్సులోనే నడుస్తుందని ఆయన సిద్ధాంతం. అల లేస్తే గురువట, విరిగితే లఘువట, ఒడ్డు తాకిన చోట యతి అట. ఎన్నాళ్ళు ఒడ్డున కూర్చుని కనిపెట్టారని చెవులరాజు అడిగాడు.

"కూర్చోవడం దేనికి నాయనా? ఇంట్లోనే వేళ్ళ మీద లెక్కేసుకున్నాను," అన్నాడు కవి.

చెవులరాజు సముద్రం టేపు ఎక్కించాడు. అది పదకొండేళ్ళ కిందట వాళ్ళ అక్క దగ్గరుండి పట్టించిన టేపు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. వినడం నేర్పిందీ ఆవిడే. కళ్ళు మూయించి, మెట్లెక్కి వస్తున్నది ఎవరో చెప్పమనేది. తన చూపు పోతోందని తెలిసినప్పుడు ఒక్కసారి సముద్రానికి తీసుకెళ్ళమంది. పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. అతను మైకు పట్టుకున్నాడు, ఆవిడ అల వచ్చినప్పుడల్లా వేలెత్తింది.

"ఒక్కటీ ఇంకోదానిలా లేదురా. అందుకే ఎంతసేపైనా కూర్చోబుద్ధేస్తోంది," అంది.

ఇప్పుడావిడకు చూపు లేదు, గడప దాటదు. ఆ టేపు తిరిగే మిషను ఇంట్లో లేదు కాబట్టి, ఆ సముద్రాన్ని మళ్ళీ వినలేదు. ఆదివారం పొద్దున్న రేడియోలో మన సముద్రం వస్తుందక్కా అని అతను గొప్పగా చెప్పి వచ్చాడు.

కవి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సముద్రం ఆయన్ని ఖాతరు చెయ్యలేదు. మొదటి అల పాదం మధ్యలోనే విరిగింది. రెండోది ఎంతకీ రాలేదు. మూడోదీ నాలుగోదీ ఒకదాని మీద ఒకటి పడి ఆయన ప్రాసని ముంచేశాయి. కవి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ సముద్రం తప్పుగా ఉంది. వేరేది పెట్టు నాయనా," అన్నాడు.

డైరెక్టరుగారు పరుగున వచ్చి చెవులరాజుని పక్కకి పిలిచారు.

"ఆయనెవరో నీకు తెలీదయ్యా. పాదానికొక అల పడేట్టు చూడు. సాయంత్రానికి అయిపోవాలి."

"సముద్రాన్ని నేనెలా సర్దుతానండీ?"

"బ్లేడుందిగా."

అసలు టేపుని ముట్టుకోకూడదు, నకలు తీసి నకలునే కొయ్యాలి. ఆ పనిలో అది మొదటి పాఠం. ముప్పై ఏళ్ళలో అతను ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు మాత్రం ఈ చెత్త పద్యాలకి నకలొకటా అనుకున్నాడు. కసికసిగా ఒక్కొక్క అలనీ కోశాడు. తిప్పి విని, నచ్చనిదాన్ని బుట్టలో పారేశాడు. చివరికి శుభ్రంగా వచ్చి శుభ్రంగా విరిగే అల ఒకటి దొరికింది. దాని కొసలు రెండూ అతికించి చుట్ట చేశాడు. ముప్పై పద్యాలకీ కలిపి నూట ఇరవై సార్లు ఆ ఒక్క అలనే తిప్పాడు.

కవి కళ్ళు చెమర్చాయి. "చూశారా, ప్రకృతికే ఛందస్సు వచ్చు," అన్నాడు. డైరెక్టరుగారు గంగిరెద్దులా తలూపారు. ఒక్క దద్దమ్మకీ అనుమానం రాలేదు. అందర్నీ వెధవల్ని చేశానని చెవులరాజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు. మర్నాడు గదిలోకి అడుగుపెట్టాక గానీ బుట్ట గుర్తురాలేదు. అప్పటికే దాన్ని ఖాళీ చేసి, కడిగి, బోర్లించి పెట్టారు.

ఆదివారం పొద్దున్న రేడియో సరిగ్గా పలకట్లేదక్కా అని గొణిగాడు.

"నా రేడియో సంగతి నాకు తెలీదా? పెట్టు," అంది ఆవిడ.

మొదటి అలకి ఆవిడ వేలు లేచింది. రెండోదానికీ లేచింది. మూడోదానికి సగంలో ఆగింది. నాలుగోది వచ్చేసరికి చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది.

"ఇది ఒక్క అలేరా," అంది.

అతను గడగడా చెప్పుకుపోయాడు. కవి వేళ్ళ లెక్క, డైరెక్టరు భజన, అందరి చెవుడు. వాళ్ళ మొహాలకి ఇదే ఎక్కువ అన్నాడు. ఆవిడ అంతా విని, తడుముకుని రేడియో కట్టేసింది.

"వాళ్ళకి చెవుల్లేవు, సరే. మిగతా అలలేం చేశావు?"

"ఊడ్చేశారక్కా," అన్నాడు, తనకేం సంబంధం లేనట్టు.

ఆవిడ తనే మళ్ళీ రేడియో పెట్టింది.

"ఉండనీ. ఆ ఒక్కటైనా వింటాను."