మెట్టినింటి కోక

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. పడుగులో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు ఆగిపోవడంతో గోడవతల నుంచి నేనే మొదట పరిగెత్తాను. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు విప్పలేను. నా భర్త నన్ను కోడుమూరులో మా అమ్మ దగ్గర వదిలేసి, విడాకులకు ఒప్పుకుంటున్నాననీ భరణం అడగననీ రాసిన స్టాంపు కాగితం పంపించాడు. సంతకం పెట్టేద్దామని పెన్ను తీశాను. పెద్దమ్మ ఆ కాగితం లాక్కుంది.

"ఏం మే, అంత తొందర? పెండ్లికి గూడా ఇంత తొందరపడుండవు."

"పెద్దమనుషులు పెట్టమన్నారు పెద్దమ్మా."

"నన్నూ పెట్టమన్నారు. చూస్తాండావు గదా నా వైభోగం!"

ఆమె భర్త ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడు కులపెద్దలు ఆమె మగ్గం ఆమెకు ఇప్పించి, ఇంకేమీ అడగనని వేలిముద్ర వేయించారు. ఆ కాగితాన్ని ఆమె పట్టుగుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. ముద్ర వేశాక మాట తప్పకూడదని నమ్మింది. చూపు మసకబారి రోజుకు మూరెడు కూడా నేయలేని నాటికీ అతన్ని ఏమీ అడగలేదు.

నాకు తోడుగా కర్నూలులో లాయరు దగ్గరికి వచ్చింది. లాయరమ్మ నిదానంగా చెప్పింది. తనను తాను పోషించుకోలేని భార్య కేసు నడుస్తున్నప్పుడే మధ్యంతర భరణం అడగవచ్చట. విడాకులయ్యాక కూడా, మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు అడగవచ్చట. పెద్దమ్మ జంకుతూ తన కాగితం సంగతి అడిగింది.

"ఊరి పెద్దలు రాయించుకున్న కాగితంతో మీ హక్కు పోదమ్మా," అంది లాయరమ్మ.

తిరుగు బస్సులో పెద్దమ్మ తన బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది. చివరికి నవ్వింది.

"దేవుని పటం మాదిరి దాచిపెట్టుకున్నా గదే దాన్ని!"

"ఇప్పుడైనా కేసు వెయ్యి పెద్దమ్మా."

"ముందు నీది తేలనీ. పోగు తెగిన చోటనే ముడెయ్యల్ల పాపా. పోనీలే అంటే చీరంతా పోతాది."

ప్రతి వాయిదాకూ వచ్చింది. బస్సులో తానే జడ్జి అయ్యి ప్రశ్నలడిగేది. నేను గొణిగితే, "యాడ, నాకే ఇనపల్యా. గట్టిగా చెప్పు," అనేది. మధ్యంతర భరణం ఆర్డరు వచ్చిన రోజు నాకు మైసూరుపాకు కొనిపెట్టింది. తన కేసు మాత్రం వేయనే లేదు.

చనిపోయిన రోజు ఆమె భర్త మిల్లు చీర పట్టుకుని వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు.

"మొగుడు ఉండంగానే పోయింది, పుణ్యాత్మురాలు. మెట్టినింటి కోకతోనే సాగనంపల్ల," అన్నారు పెద్దలు.

"ఎంతైనా మంచోడప్పా," అన్నారెవరో.

చివరి రోజుకని ఆమె నేసి పెట్టుకున్న నూలు చీర పెట్టెలో ఉందని నాకు తెలుసు. నలుగురిలో ఆ మాట చెప్పలేకపోయాను. బతికుండగా ముద్ద పెట్టని మనిషి చీరలోనే ఆమె వెళ్లిపోయింది.

గురువారం నా వాయిదా. ఒక్కదాన్నే వెళ్లాను. కోర్టు బయట నా భర్త తండ్రి మళ్లీ అలాంటి కాగితమే చాపాడు.

"పెట్టమ్మా, మర్యాదగా తేలిపోతాది."

"పెట్టను. నాకు భరణం కావల్ల."

"ఏమంటివి?"

ఈసారి గట్టిగా చెప్పాను.

ఆమె ఇంటి తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. వచ్చాక వెళ్లి పెట్టె తెరిచాను. పైన నూలు చీర, వేసిన మడత వేసినట్టే ఉంది. దాని కింద పట్టుగుడ్డలో ఆ కాగితం. వేలిముద్ర ఇంకా నల్లగా, నిన్ననే వేసినట్టుంది.